కూడి యోచించు విద్య: నర్సింగు విద్యార్థులు



నేను జీవితమంతయు బడిపంతులుగా గడపి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను కాను. అయినను ఈ పూట నర్సుల చదువును గూర్చి నాలుగు మాటలు విన్నవింప సాహసించుచున్నాను. ఇందుకు కారణములు రెండు. చదువు ఏ శాస్త్రమునకు సంబంధించినదైనను, దానిని బోధించు తీరును గూర్చి యోచించుట ఉపాధ్యాయుని పని. ఇది మొదటి కారణము. ఇక రెండవది: నేడు మన పల్లెలలోని అనేక కుటుంబముల ఆడపిల్లలు నర్సింగు చదువునకు పోవుచున్నారు. మగపిల్లలును కొందరు పోవుచున్నారు. మనమన్ననో వయస్సు మీరినవారము. నేడో రేపో ఆసుపత్రి మంచముపై పరుండవలసిన వారము. ఆ దినమున రాత్రింబవళ్ళు మన చెంత నిలుచునది ఆ పిల్లయే. ఆమె ఏమి చదివినదో, ఎట్లు చదివినదో తెలిసికొనుట మనకు అక్కరలేని పని కాదు.

విషయమిది. నర్సింగు విద్యార్థులొక కళాశాలలో, వైద్య విద్యార్థులొక కళాశాలలో, మందుల శాస్త్రము చదువువారు మరియొక చోట, అంగవ్యాయామ చికిత్స, అనగా ఫిజియోథెరపీ, నేర్చువారు వేరొక చోట చదువుచుందురు. ఉద్యోగములలో చేరిన పిమ్మటగాని వీరు ఒకరి విద్య నొకరు ఎరుగరు. ఇట్లు గాక, చదువుకొను కాలముననే కొంత భాగము కలిసి చదివినచో, ఒకరినుండి ఒకరు నేర్చినచో, రోగి కష్టమునకు క్రొత్త ఉపాయములు కూడి యోచించు శక్తి వారికి అలవడునని అనేక దేశముల విద్యావేత్తలు తలచుచున్నారు. దీనిని మనము వివిధ వృత్తులవారి సహవిద్య యని చెప్పుకొందము.

క్రొత్త ఉపాయము కల్పించుట యనగానే మనకు కవులు జ్ఞప్తికి వత్తురు. ఒకరు బోధింపకయే, తనంతట తోచిన తొలి తెలివికి మన పూర్వులు ఉపజ్ఞ యని పేరు పెట్టిరి. కవికి ఉపజ్ఞ ఒంటరిగా కూర్చున్నప్పుడు కలుగవచ్చును. ఆసుపత్రిలో మాత్రము అది పలువురకు పంచి యిచ్చిన సొత్తు వంటిది. ఒకరికి సగము తోచును, ఇంకొకరికి మిగిలిన సగము తోచును. ఆ రెండును కలిసినప్పుడే రోగికి మేలు.

రోగిచికిత్స పలువురి పని యను మాట క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానమునందలి తొమ్మిదవ అధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు కలవు. పరిచారకునకు ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము అను నాలుగు గుణములుండవలెను. ఈ నాలుగింటిలో మొట్టమొదటిది తెలివికి సంబంధించినదే యని గమనింపుడు. నాలుగు పాదములలో వైద్యుడే ప్రధానుడని చరకుడు స్పష్టముగా చెప్పెను. అయినను ప్రధానుడనగా ఒక్కడే యని అర్థము కాదు. మంచమునకు నాలుగు కోళ్ళలో ఒకటి తక్కువైనచో తక్కిన మూడు ఎంత గట్టివైనను దానిపై ఎవడును నిశ్చింతగా నిద్రింపలేడు.

ఇప్పుడొక యథార్థవృత్తాంతము చెప్పుదును. మన ఇండ్లలో శిశువు పుట్టిన రెండు మూడు దినములకు ఒడలు పసుపువన్నె తిరుగుట, డాక్టరు చూచి శిశువును నీలిదీపముల క్రింద పరుండబెట్టుట మీలో పెక్కురు చూచియుందురు. పసిబిడ్డల కామెర్లకు దీపపు వెలుగే మందైన ఆ చికిత్సకు మూలము ఒక నర్సు కంటిచూపు.

ఇంగ్లండు దేశమున ఎసెక్సు మండలములో రోచ్‌ఫర్డ్ అను ఊరి ఆసుపత్రి కలదు. 1956లో అచట నెలలు నిండక పుట్టిన శిశువుల విభాగమునకు వార్డు అను ఇంటిపేరుగల నర్సు పెద్దగా నుండెను. ఆమెకు మంచి గాలియన్నను, ఎండయన్నను నమ్మకము మెండు. వాతావరణము అనుకూలించిన దినములలో శిశువులను బయటి ముంగిటికి తెచ్చి కొంతసేపు ఉంచి, డాక్టర్లు వచ్చులోపల లోనికి చేర్చుచుండెడిది. ఒకనాడు ఆమె ఒక శిశువు ఒడలు విప్పి డాక్టర్లకు చూపెను. ఒడలంతయు పసుపు తగ్గి పాలిపోయి యున్నది. ఒక్కచోట మాత్రము ముక్కోణపు ఆకారమున చిక్కని పసుపు నిలిచియున్నది. అచట ఏదో మందు పూసినారని డాక్టరు తలచి ప్రశ్నించెను. ఆమె బిడియపడుచునే సమాధానము చెప్పెను. మందు కాదు, ఆ చోటున దుప్పటి కొన కప్పియున్నది. తక్కిన ఒడలికి ఎండ తగిలినది. ఎండ తగిలిన చోట పసుపు పోయినది.

ఆ మాట అప్పటికి పూర్తిగా ఫలింపలేదు. కొన్ని వారములకు కామెరగల మరియొక శిశువు రక్తమును పరీక్షాశాలకు పంపిరి. ఆ గాజునాళము కిటికీ చెంత ఎండలో కొన్ని గంటలు పడియుండెను. పరీక్షించి చూడగా పసుపు పదార్థము అనుకొన్నదానికంటె చాల తక్కువగా కనబడినది. దీనికి బిలిరూబిన్ అని పేరు. మరల క్రొత్తగా రక్తము తీసి పరీక్షింపగా ఎక్కువగానే యున్నది. అప్పుడు గాజునాళముపై పడిన ఎండయు, శిశువు ఒడలిపై పడిన ఎండయు ఒక్కటే పని చేసినవని తోచినది. పిమ్మట వెలుగులో ఏ రంగు ఎక్కువ పని చేయునో పరీక్షించి, నీలివెలుగు నిచ్చు గొట్టపు దీపములను ఊయెలపై అమర్చు సాధనమును చేసిరి. 1958లో క్రెమరు, పెరీమను, రిచర్డ్సు అను మువ్వురు ఈ విషయమును లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. వ్యాసకర్తల పేళ్ళలో ఆ నర్సు పేరు లేదు.

ఈ కథ విని ఎవరును శిశువును ఎండలో పెట్టి ఊరకుండరాదు. ఆ పసుపు మితి మీరినచో మెదడునకు హాని కలుగును. దానిని రక్తపరీక్షచే కొలిచి, దీపచికిత్స ఎంతసేపు ఉండవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. నేను చెప్పదలచినది వేరు. ఈ ఉపాయము ఎవరిది? నర్సు చూచినది. కాని ఆమె చెంత రక్తమును కొలుచు సాధనములు లేవు. పరీక్షాశాలవారికి సాధనములు కలవు. వారు శిశువు ఒడలిపై ముక్కోణమును చూడలేదు. డాక్టరు ఈ రెండింటిని కలుపవలసినవాడు. నర్సు బిడియము కొంచెము హెచ్చి నోరు విప్పకున్నచో, లేక డాక్టరు నవ్వి తోసివేసి మరచియున్నచో, ఆ రెండు సగములు ఎన్నటికిని కలిసెడివి కావు.

మా ఇంట నర్సింగు మూడవ సంవత్సరము చదువుచున్న మనుమరాలు కలదు. పెద్ద డాక్టరు రోగులను చూడ వచ్చునప్పుడు నీవేమి చేయుదువని ఒకనాడు అడిగితిని. “ఫైలు పట్టుకొని వెనుక నిలబడతాను, తాతయ్యా. అడిగితే చెప్తాను. అడిగేవాళ్ళు తక్కువ” అన్నది. మరికొంతసేపు మాటలాడగా ఆ వార్డులోని వృద్ధుడొకడు మాత్రలు మ్రింగక దిండు క్రింద దాచుచున్నాడనియు, మ్రింగినచో కడుపు మండునని అతడు తనతో మాత్రమే చెప్పెననియు తెలిసినది. “మరి ఎవరితోనైనా చెప్పావా, అమ్మా?” అని అడిగితిని. “సిస్టరుగారితో చెప్పాను. ఆవిడ డాక్టరుగారితో చెప్పారు. మందు మార్చారు” అన్నది. నా మనస్సు కుదుటపడినది. కాని ఆ పిల్ల చెప్పకున్నచో ఏమయ్యెడిది? మందు పనిచేయుట లేదని తలచి మోతాదు పెంచియుందురేమో!

ఇట్లు చూచుట, చూచినది చెప్పుట, ఇతరులు చెప్పినది వినుట, విన్నదానికి తన తెలివిని చేర్చుట అను నాలుగు పనులు చేరినప్పుడే కూడి యోచించుట యగును. ఇవి పుట్టుకతో వచ్చు గుణములని కొందరందురు. బడిపంతులుగా నేనది ఒప్పుకొనను. పద్యము చదువుట ఎట్లు అభ్యాసమున వచ్చునో ఇదియు అట్లే అభ్యాసమున వచ్చును. అయితే అభ్యాసము చిన్ననాడే మొదలు కావలెను. ఉద్యోగములలో చేరి, ఎవరి హోదా వారికి స్థిరపడిన పిమ్మట, ఒకరి మాట ఒకరు వినుట కష్టము.

ఈ కారణము చేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లో ఆరోగ్యము కొరకు కలిసి పనిచేయవలెనన్నచో ముందు కలిసి నేర్వవలెనను అభిప్రాయముతో ఒక నివేదిక ప్రకటించినది. 2010లో మరల ఈ విద్యకొక మార్గదర్శక గ్రంథము వెలువరించినది. రెండు గాని అంతకుమించి గాని వృత్తుల విద్యార్థులు ఒకరిని గూర్చి యొకరు, ఒకరినుండి యొకరు, ఒకరితో నొకరు నేర్చుటయే సహవిద్య యని అందు వివరింపబడినది. ఒకే గదిలో కూర్చుండబెట్టి ఒకే ఉపన్యాసము వినిపించినంత మాత్రమున అది సహవిద్య కాదు. రైలుపెట్టెలో వందమంది కలిసి కూర్చుందురు. ఎవరి స్టేషను వచ్చినప్పుడు వారు దిగిపోవుదురు.

స్వీడన్ దేశమున లింషోపింగ్ అను నగరములోని విశ్వవిద్యాలయమువారు 1986 నుండి ఆరోగ్యశాస్త్రముల విద్యార్థులను కొంతకాలము కలిపి చదివించుచున్నారు. 1996లో వారొక క్రొత్త పని చేసిరి. ఆసుపత్రిలో ఒక వార్డును విద్యార్థులకే అప్పగించిరి. వైద్యము, నర్సింగు, ఫిజియోథెరపీ, దినచర్య పనులు మరల నేర్పు చికిత్స చదువు విద్యార్థులు జట్టుగా చేరి రెండు వారములు ఆ వార్డులోని రోగులను చూచుకొనవలెను. ఆయా వృత్తుల గురువులు చెంతనే యుండి కనిపెట్టుచుందురు. ప్రమాదము రానీయరు. కాని ప్రతి చిన్న సందేహమునకును తామే సమాధానము చెప్పరు. బావిలో ఈత నేర్పువాడు నడుమునకు త్రాడు కట్టి పైన పట్టుకొనును గాని, పిల్లవాని బదులు తానే ఈదడు గదా!

ఇక ఈ విద్య ఎట్లు నేర్పవలెనో ఒక ఉదాహరణముతో చెప్పుదును. పక్షవాతము వచ్చిన అరువదియైదేండ్ల రైతు ఒకడు ఆసుపత్రిలో ఉన్నాడనుకొందము. ప్రాణాపాయము గడచినది. వారము దినములలో ఇంటికి పంపవలెను. ఇంటిలో భార్య మాత్రమే యున్నది. ఇల్లు పెంకుటిల్లు, గడప ఎత్తు, నీళ్ళగది పెరటిలో నున్నది. ఇతనిని క్షేమముగా ఇల్లు చేర్చు ఉపాయమేమి? ఈ ప్రశ్నను అయిదారు విద్యలవారితో కూడిన విద్యార్థి జట్టునకు ఇయ్యవలెను. ఏ ఒక్క శాస్త్రము చేతను దీనికి పూర్తి సమాధానము దొరకదు. ప్రశ్న అట్టిదై యుండుట మొదటి నియమము. ఒక్కడు చేయగల లెక్కను పదిమందికి ఇచ్చినచో తొమ్మండుగురు చూచుచు కూర్చుందురు.

రెండవ నియమము: నోరు విప్పుటకు ముందు ఎవరికి వారు తమకు తోచినది కాగితముపై వ్రాయవలెను. అమెరికాలో ఆస్‌బర్న్ అను పెద్దమనిషి 1953లో ప్రకటించిన గ్రంథమున, పదిమంది కూర్చుండి తోచినదెల్ల పైకి చెప్పుచు పోయినచో క్రొత్త తలపులు మెండుగా వచ్చునని బోధించెను. అందులో సత్యము లేకపోలేదు. కాని 1958లో యేల్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి చూడగా, అంతేమంది విడివిడిగా కూర్చుండి యోచించినప్పుడే ఎక్కువ తలపులు వచ్చినవని తేలినది. మన పంచాయతీలలో చూచినదే గదా! మొదట మాటలాడిన మోతుబరి మాట పట్టుకొని తక్కిన వారందరు తల యూచుదురు. కావున ముందు ఒంటరిగా వ్రాసి, పిమ్మట అన్నింటిని కలుపుట మేలు.

మూడవ నియమము: చదువునను హోదాలోను చిన్నవారు ముందు చెప్పవలెను. మా సంస్కృత పాఠశాలలో ఒక గురువుగారు కఠినమైన శ్లోకము వచ్చినప్పుడు చివరి వరుసలోని చిన్నవానితో ముందు అర్థము చెప్పించెడివారు. పెద్ద విద్యార్థి చెప్పిన పిమ్మట చిన్నవాడు చెప్పినచో, తనకు తోచినది విడిచి పెద్దవాని మాటనే వల్లించునని ఆయన యెరుగును.

ఇప్పుడు మన రైతు విషయమున ఏమి జరుగునో చూతము. నర్సింగు విద్యార్థిని తాను చూచినది చెప్పును: ఇతడు సంగటి తినునప్పుడు దగ్గడు, మజ్జిగ త్రాగునప్పుడు దగ్గును. ఇది చిన్న మాటగా కనబడును. మాట, మ్రింగుట సరిచేయు విద్య చదువువాడు వెంటనే అందుకొనును: పక్షవాతమున గొంతు కండరములు పట్టు తప్పుటచే పలుచని ద్రవము ఊపిరితిత్తుల దారి పట్టుచున్నదేమో, పరీక్షింపవలెను. అట్లు పోయినచో న్యుమోనియా వచ్చునని వైద్య విద్యార్థి వివరించును. పరీక్షలో అది నిజమని తేలినచో, ఆహారశాస్త్రము చదువు పిల్ల పలుచని మజ్జిగకు బదులు చిక్కని రాగిజావ వంటిది ఏ మేరకు చిక్కగా నుండవలెనో చెప్పును. మాత్రలను నూరి జావలో కలుపుదమా యని ఒకరందురు. అన్నింటిని నూరరాదు, కొన్ని మాత్రలు కడుపులో మెల్లమెల్లగా కరుగునట్లు చేయబడినవి, నూరినచో మందంతయు ఒక్కసారి ఒంటికి పట్టునని మందుల శాస్త్రము చదువువాడు అడ్డుపడును. తినునప్పుడు వీపు నిటారుగా నుండుటకు ఇంటిలోని ఏ కుర్చీ, ఏ దిండు పనికివచ్చునో ఫిజియోథెరపీ విద్యార్థి చూపును. చివరకు అతని భార్యను పిలిచి అడుగగా, కుర్చీ లేదు, నవారు మంచమును గోడకు చేర్చి దిండ్లు పెట్టగలనని ఆమె చెప్పును. ఇట్లు ఏర్పడిన ఏర్పాటు ఏ పుస్తకమునను లేదు. ఏ ఒక్కరికిని పూర్తిగా తోచలేదు. అందరిదియు అయినది.

మన బుర్రకథను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కథకుడు కథ నడపును. వంతలలో ఒకడు హాస్యము పలుకును. వేరొకడు లోకవిషయములు జోడించును. వినువారికి కలుగు సందేహమును వంత అడుగును. ఆ ప్రశ్న చేతనే కథకుని నోట క్రొత్త మాట పుట్టును. కథకుడొక్కడే అయినచో కథ సాగునేమో కాని ఆ రక్తి యుండదు. వంత అడ్డుపడినాడని కథకుడు కోపగించుకొనునా? కోపగించుకొన్నచో కథ అక్కడితో సరి.

కోపగించుకొనకుండుట యనునది ఈ విద్యకు ప్రాణము వంటిది. ఏమీ ఎడ్మండ్‌సన్ అను అమెరికా పండితురాలు ఆసుపత్రి విభాగములలో మందులిచ్చుటలో జరుగు పొరపాట్లను పరిశీలించి 1996లో తన పరిశోధన ప్రకటించెను. పెద్ద నర్సు మంచిదై, జట్టులో పొందిక యున్నచోట పొరపాట్లు తక్కువగా నుండునని ఎవరైనను తలతురు. లెక్కలో మాత్రము అట్టి విభాగములలోనే పొరపాట్లు ఎక్కువగా కనబడినవి. ఎందువలన? అచట పొరపాటు జరిగినచో దాచక చెప్పుకొనుచున్నారు. భయమున్న చోట దాచుచున్నారు. దాచిన పొరపాటు లెక్కలోనికి రాదు, దిద్దుబాటునకును రాదు. మనసులోని మాట చెప్పినందువలన తనకు అవమానము గాని కీడు గాని కలుగదను నమ్మకము జట్టులో ఉండవలెనని ఆమె 1999లో విశదముగా వ్రాసెను. పొరపాటునే చెప్పలేని చోట, నవ్వులపాలగునేమో యని తోచు క్రొత్త తలపును ఎవరు చెప్పుదురు?

ఇచట మీలో ఒకరికి న్యాయమైన శంక కలుగవచ్చును. ఆసుపత్రి యనగా ప్రాణములతో పని. అచట చిన్నపిల్లలు క్రొత్త ఉపాయములు కల్పించుటేమి? శాస్త్రము చెప్పినట్లు చేయుటయే క్షేమము కదా? ఈ శంకలో సగము నిజము. మందు మోతాదు, చేతులు కడుగుకొను పద్ధతి, రక్తము ఎక్కించుటకు ముందు రోగి పేరు సరిచూచుట, ఇట్టివాటిలో కల్పనకు చోటులేదు. వ్యాకరణ నియమమును తప్పి కవిత్వము చెప్పువానిని మనము కవి యనము. కాని ఆ నియమములను నిలుపుటకును పదిమంది నోరు విప్పు ధైర్యము కావలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సకొక సరిచూచు పట్టికను ఏర్పరచినది. అందు 19 అంశములు కలవు. కోతకు ముందు గదిలోని వారందరు తమ పేరును, తమ పనిని పైకి చెప్పుకొనవలెననుట వాటిలో ఒకటి. ఢిల్లీతో సహా 8 నగరములలోని 8 ఆసుపత్రులలో దానిని పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించిరి. అంతకుముందు నూటికి 11 మందికి శస్త్రచికిత్స పిమ్మట చిక్కులు కలుగగా, పట్టిక వచ్చిన పిమ్మట 7గురికి తగ్గినవి. మరణములు నూటికి 1.5 నుండి 0.8కి దిగినవి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున వందకు మించిన తీవ్రచికిత్సా విభాగములలో, పెద్ద రక్తనాళమున గొట్టము అమర్చునప్పుడు పాటింపవలసిన అయిదు నియమములను నిర్ణయించి, డాక్టరు ఒక్కటి మరచినను నిలుపుడని చెప్పు అధికారమును నర్సుకు ఇచ్చిరి. 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారము రక్తమున చేరు సూక్ష్మజీవుల జబ్బులు మూడింట రెండు వంతుల వరకు తగ్గినవి. అయిదు నియమములును డాక్టర్లకు తెలియనివి కావు. వాటిని జ్ఞప్తి చేయు నోటికి అధికారమిచ్చుటయే అచట జరిగిన క్రొత్త.

మన దేశమున ఈ మార్గము మొదలైనది. 2019లో భారత వైద్య మండలి ప్రవేశపెట్టిన క్రొత్త పాఠ్యక్రమమున, వైద్యుడు జట్టునకు నాయకుడుగానే గాక జట్టులో సభ్యుడుగా కూడ తర్ఫీదు పొందవలెనని చేర్చిరి. ఫిజియోథెరపీ వంటి వృత్తుల విద్యకొరకు 2021లోను, నర్సింగు విద్యకొరకు 2023లోను పార్లమెంటు క్రొత్త చట్టములు చేసినది. చట్టమొకటి, తరగతిగది మరియొకటి. వేర్వేరు కళాశాలల వేళలు కలియవు, పరీక్షలు కలియవు. కలిసి యోచించుటకు పరీక్షలో మార్కులు లేనిచో విద్యార్థి దానిని లక్ష్యపెట్టడు. అన్నింటికంటె పెద్ద చిక్కు మా ఉపాధ్యాయులదే. నర్సింగు గురువును వైద్య గురువు విద్యార్థుల యెదుట గౌరవింపనిచో, ఆ విద్యార్థులు ఏ పాఠము నేర్తురు? కావున ఆ రెండు కళాశాలల గురువులు నెలకొక్క పూటయైనను ఒకే రోగి విషయమును కలిసి బోధించి, విద్యార్థులు చూచుచుండగా ఒకరి మాటను ఒకరు గౌరవముతో ప్రశ్నించి చూపవలెను. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. పని ముగిసిన పిమ్మట పావుగంట కూర్చుండి, ఏది బాగుగా జరిగినది, ఏది జరుగలేదు, మరల ఎట్లు చేయుదము అని మాటలాడుకొనుట చేర్చినచో ఇంకను మంచిది.

ఇక మన వంతు. మన ఊరి ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు నెలకొకసారి కలిసి జరుపు ఆరోగ్య పోషణ దినమున మన ముంగిటనే ఈ విద్య నడుచుచున్నది. ఏ ఇంట గర్భవతి మందులు మ్రింగుట లేదో ఒకరికి తెలియును, ఏ శిశువు బరువు పెరుగుట లేదో ఇంకొకరికి తెలియును. వారు మువ్వురు కూర్చుండి మాటలాడుకొనుటకు పంచాయతీ ఆఫీసులో ఒక గది, ఒక గంట ఏర్పాటు చేయుట పెద్దలకు కష్టము కాదు.

ఇంకొక మాట చెప్పుట కొంత కష్టము, కాని చెప్పక తప్పదు. మనము ఆడపిల్లలకు పెద్దల యెదుట నోరెత్తరాదని నేర్పుచు వచ్చితిమి. అది మర్యాద యని తలచితిమి. ఆ పిల్లయే నర్సింగు చదివి వార్డులో నిలుచున్నప్పుడు, తప్పు మందు చేతికి వచ్చినను, రోగి ఊపిరి మారినను, పెద్దలెదుట నోరెత్తుటకు జంకినచో, ఆ మంచముపై నున్నది మనమే కావచ్చును. వినయము వేరు, మౌనము వేరు. వినయముతో మాటలాడుట నేర్పుట మన ఇంటి పని. భోజనమునొద్ద కూర్చున్నప్పుడు, ఇంటి విషయమేదైనను నిర్ణయించునప్పుడు, అందరికంటె చిన్నదానిని ముందు అడుగుడు. ఆమె చెప్పినది సరికాకున్నను నవ్వకుడు. ఎందువలన సరికాదో చెప్పుడు.

ఆసుపత్రిలో చేరినప్పుడు మనము చేయవలసినదియు కలదు. చరకుడు రోగికి చెప్పిన గుణములలో తన బాధను దాచక చెప్పుట యొకటి. డాక్టరుగారికి చెప్పుటకు సంకోచించినది నర్సు పిల్లకైనను చెప్పుడు. ఆ పిల్ల ఏదైన అడిగినచో, నీవెవరవు, డాక్టరును పిలువు మని కసరకుడు. ఆమె అడుగు ప్రశ్నలో మన చికిత్స సగము ఉండవచ్చును.

మీ ఇండ్ల పిల్లలను నర్సింగు కళాశాలలో చేర్చుటకు పోవునప్పుడు ఫీజు ఎంత, హాస్టలు ఎట్లున్నది అని అడుగుదురు. అవి అడుగవలసినవే. వాటితోపాటు, మా పిల్ల ఇతర వైద్యవిద్యల విద్యార్థులతో కలిసి రోగి విషయము యోచించు ఏర్పాటు మీ యొద్ద కలదా యని కూడ అడుగుడు. అడుగువారు నలుగురైనచో ఏర్పాటు చేయువారు తప్పక వత్తురు.